తెల్లకాగితం టీచరమ్మ

మొన్న పొద్దున షాపు తలుపులు తీసి, సిస్టమ్ ఆన్ చేసి, ఎప్పటిలాగే ఆ ఖాళీ ప్రోగ్రామ్ తెరిచాను. బొమ్మలూ రంగులూ లేని చిన్న ప్రోగ్రామ్ అది. అక్షరాలు కొట్టుకోవడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదు. కంప్యూటర్‌తో పాటే ఉచితంగా వస్తుంది, ఎవరూ దాని మొహం చూడరు. ఏదో అప్‌డేట్ వచ్చినట్టుంది, పైన కుడిపక్కన మెరిసే నక్షత్రం ఒకటి మొలిచింది. మౌస్ బాణం దాని మీదికి పోగానే "మీ రాతను మెరుగుపరచమంటారా?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత టీచరమ్మ గుర్తొచ్చింది. పోయిన వానాకాలంలో ఆమె చనిపోయింది కాబట్టి ఈ నక్షత్రం పెట్టినవాళ్ళు బతికిపోయారు. ఉండుంటే ఉదయగిరి నుంచి మొదటి బస్సుకే దిగి, నా స్క్రీన్‌ను వేలితో పొడిచి, "నిన్నెవురడిగినారు?" అని నిలదీసేది. అది ఆమె ఊతపదం. మనుషులతో అనేది కాదు, కంప్యూటర్‌తో మాత్రమే అనేది.

ఆమెది ఉదయగిరి. మిషన్ బళ్ళలో తెలుగు చెప్పి రిటైరైంది. కొంతకాలం కలువాయి వైపు పల్లెల్లో కూడా పనిచేసింది. నాకు చుట్టం కాదు, నాకు చదువు చెప్పిన మనిషీ కాదు. నేను ఆత్మకూరు బస్టాండు పక్కన టైపింగు, జిరాక్సు షాపు నడుపుకుంటాను. ఉదయగిరిలో షాపులు లేక ఆమె నా దగ్గరికి రాలేదు. అక్కడున్న ప్రతి షాపుతోనూ పోట్లాడి, ఇక పోట్లాడటానికి ఎవరూ మిగలక ఆత్మకూరు బస్సెక్కింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చంకలో టవల్లో చుట్టిన ల్యాప్‌టాప్ ఉంది. జ్వరమొచ్చిన పసిబిడ్డను ఆస్పత్రికి తెచ్చినట్టు తెచ్చి, నా బల్ల మీద పడుకోబెట్టి, టవలు విప్పింది. పొడుగాటి మనిషి. ఆ వయసులోనూ నడుము వంగలేదు, కళ్ళద్దాలకు నల్లతాడు. టీచరని ఎవరూ చెప్పక్కర్లేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"దీన్ని ఖాళీ చెయ్యి మే," అంది. మా వైపు ఆడపిల్లల్ని అలాగే పిలుస్తారు.

"ఫార్మాట్ కొట్టాలా టీచరమ్మా?"

"ఆ మాటలు నాకు తెలవవు. నాకు కాగితం కావాల. తెల్లకాగితం. దాని మీద నేను కొట్టిన అక్షరం ఉండాల. నేను కొట్టింది తప్ప ఇంకేమీ కనపడకూడదు. మా అక్క కొడుకు ప్రేమగా కొనిచ్చినాడు గానీ, దీంట్లో సంత పెట్టినారు."

తెరిచి చూశాను. అందరి దగ్గరా ఉండే ఆ పెద్ద సాఫ్ట్‌వేరే. పైన వరసలు వరసలుగా మీటలు, పక్కన ఏదో సలహాల డబ్బా, కింద ఇంకేదో లెక్క. మధ్యలో మిగిలిన జాగాలో ఆమె రాసుకున్నది ఉంది. ప్రతి తెలుగు మాట కిందా ఎర్రగీత వంకర్లు తిరుగుతోంది.

"చూడు," అంది ఆమె వేలు పెట్టి. "ఉద్యోగమంతా పిల్లకాయల తప్పులకు ఎర్రగీతలు గీసినదాన్ని నేను. ఇది నాకు గీస్తాదా? 'రాజమ్మ' తప్పంట! ఆ మనిషి పుట్టింది, పెండ్లాడింది, బిడ్డల్ని కన్నది, సచ్చిపోయింది కూడా. ఇప్పుడొచ్చి తప్పంటాదా?"

ఎర్రగీతలు తీసేశాను. అప్పుడు ఇంకోటి చూపించింది. పేరాకీ పేరాకీ మధ్య మూడు చిన్న గీతలు కొడితే, ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే పేజీకి ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒక పెద్ద గీత లాగేసింది. చెరిపితే చెరగదు. దాని కింద రాసిందంతా చెరిగిపోతుంది గానీ అది మాత్రం కదలదు. ఎన్నో ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న నాకే ఆ గీతను పీకడానికి చాలాసేపు పట్టింది. ఆలోపల ఆమె "నిన్నెవురడిగినారు? నిన్నెవురడిగినారు?" అంటూనే ఉంది. పక్కన జిరాక్సుకొచ్చినవాళ్ళు నన్ను తిడుతోందనుకున్నారు.

అన్నిటికంటే ఆమెను రగిలించింది చందా. కొన్నాళ్ళకు ఆ సాఫ్ట్‌వేర్ గడువు అయిపోయిందని చెప్పింది. ఆమె రాసుకున్నవి ఆమె చదువుకోవచ్చట, మార్చకూడదట. ఆ రోజు షాపులోకి అడుగుపెట్టకుండానే, రోడ్డు మీద నుంచే అరిచింది. "నేను రాసినదాంట్లో నన్నే చెయ్యి పెట్టొద్దంటాడా? వాడెవుడు?"

అసలు ఆమె రాసేదేమిటో చెప్పాలి. మా వైపు బాప్టిస్టు కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. మనిషి పోతే, సమాధి దగ్గర మన్ను వేసేముందు ఆ మనిషి జీవితచరిత్ర చదువుతారు. ఒక పేజీ ఉంటుంది. ఎక్కడ పుట్టారు, ఎవరిని చేసుకున్నారు, ఎలా బతికారు, అంతే. మాది గొర్రెలు మేపుకునే కుటుంబం, మా ఇళ్ళల్లో ఈ పద్ధతి లేదు. కాబట్టి ఆమె వచ్చేదాకా నాకది ఇంకో రకం గిరాకీ మాత్రమే. నా దగ్గర దానికి తయారుగా డిజైన్లున్నాయి. గులాబీ పూల అంచు, మూల మీద పావురం, మధ్యలో గుండ్రటి ఫోటో. పేరు మారిస్తే చాలు, "ప్రేమమూర్తి, ఆదర్శ గృహిణి, అందరికీ తలలో నాలుక" అని కింద ముందే కొట్టి ఉంటుంది.

టీచరమ్మ ఆ చుట్టుపక్కల ఊళ్ళకంతా ఈ పేజీ రాసిపెట్టేది. ఒకప్పుడు చేత్తో రాసేది. తర్వాత తర్వాత బంధువులకు పంచడానికి ప్రింటు కావాలన్నారని కంప్యూటర్ నేర్చుకుంది. నా డిజైన్లు చూపిస్తే అన్నీ ఓపిగ్గా చూసి, "వీళ్ళంతా ఒకటే మనిషా?" అని అడిగింది.

"అదేంది టీచరమ్మా, వేరే వేరే వాళ్ళు."

"ఫోటో తీసేసి చూడు. ఒకటే మనిషి. మనిషి పోయేది ఒక్కసారే మే. అప్పుడు కూడా వేరేవాళ్ళను పూడుస్తారా?"

నాకు కోపం వచ్చింది. పావురాలూ గులాబీలే నాకు బువ్వ పెడుతున్నాయి మరి. కానీ ఆ మాట పోకుండా నా తలలోనే తిరిగింది.

ఇక తెల్లకాగితం కోసం మా వెతుకులాట మొదలైంది. పెద్ద సాఫ్ట్‌వేర్‌లో మీటలన్నీ దాచిపెట్టి ఇచ్చాను. ఆమె ఇంటికి పోయేసరికి ఎక్కడ ఏం నొక్కిందో, మళ్ళీ అన్నీ వచ్చి కూర్చున్నాయి. దాన్ని తీసేసి ఉచితంగా దొరికే ఇంకోటి ఎక్కించాను. ఆమె పైనున్న వరసలు చూసి, "పెద్దది వద్దంటే దాని చెల్లెల్ని చూపిస్తా ఉండావా?" అంది. ఇంటర్నెట్‌లో రాసుకునేది చూపించాను. కొండ కింద ఆమె ఇంట్లో సిగ్నల్ రావాలంటే మిద్దె ఎక్కాలి. "మిద్దెక్కి రాస్తా నేను జారిపడితే, నాదెవురు రాస్తారు?" అంది.

ఆఖరికి రాసేవాళ్ళ కోసమే ప్రత్యేకంగా చేశామని చెప్పుకునే ప్రోగ్రామ్ ఒకటి దొరికింది. చూడ్డానికి బాగానే ఉంది. తెరంతా ఖాళీ, మధ్యలో అక్షరాలు. ఆమె ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది. నా షాపులోనే కూర్చుని, రెండు వేళ్ళతో టకటకా కొట్టుకుంటూ పోయింది. చిన్న వయసులో పోయిన ఒక తల్లి గురించి రాస్తోంది ఆ రోజు. ఉన్నట్టుండి తెర మీద రంగు కాగితాల ముక్కలు రాలాయి, చప్పట్లు వినిపించాయి, "అభినందనలు! ఈ రోజు లక్ష్యం చేరుకున్నారు!" అని వచ్చింది.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బిడ్డల తల్లి సచ్చిపోయిందని రాస్తా ఉంటే, చప్పట్లు కొడతా ఉండాదే ఇది," అంది. ఆమె గొంతును కోపం లేకుండా నేను వినడం అదే మొదటిసారి. దాన్ని అప్పటికప్పుడే పీకి పారేశాను.

ఆ రోజు నుంచి మొండితనం నాకు కూడా పట్టుకుంది. అసలేమిటి ఇదంతా? పెన్ను కొనుక్కుంటే పెన్ను మన ఫోన్ నంబరు అడుగుతుందా? పలక మీద రాస్తుంటే పలక మధ్యలో ఆపి, ఇంకా అందంగా రాయొచ్చని చెబుతుందా? రాయడానికి వచ్చిన మనిషి రాసుకుని పోవాలి. దానికి ఇంత తతంగం ఎవరి కోసం? నా షాపుకొచ్చే వందలో ఒక్కరికి కూడా ఆ మీటల్లో సగం అక్కర్లేదు. అయినా అందరూ వాటి మధ్య దారి వెతుక్కుంటూ, తప్పు తమదే అనుకుని, "నాకు కంప్యూటర్ రాదక్కా" అని తల దించుకుంటారు. టీచరమ్మ ఒక్కతే తల దించలేదు.

అప్పుడు ఆ అనాథ ప్రోగ్రామ్ గుర్తొచ్చింది, కంప్యూటర్‌తో ఉచితంగా వచ్చేది. తెరిచి ఆమె ముందు పెట్టాను.

"దీంట్లో అక్షరం లావు చెయ్యొచ్చా?" అని అడిగింది అనుమానంగా.

"ఒక్క మాటనే విడిగా లావు చెయ్యలేం టీచరమ్మా."

"రంగులు?"

"లేవు."

"బొమ్మలు, పూలు?"

"ఏమీ లేవు."

"నా తప్పులు దిద్దతాదా?"

"దానికి చేతకాదు."

"అయితే ఇదే," అని కుర్చీ ముందుకు లాక్కుంది.

ప్రింటు తీస్తే పైన ఫైలు పేరు, కింద పేజీ నంబరు దానంతట అదే వచ్చింది. "ఇదేంది మళ్ళా?" అని కళ్ళద్దాల మీదుగా చూసింది. అవీ తీయించింది. ఆ పేజీ చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూసుకున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. ఆ తర్వాత చనిపోయేదాకా ఆమె రాసినవన్నీ అందులోనే రాసింది.

సాదాతనం అనేది ఆమెకు కంప్యూటర్ దగ్గర కొత్తగా పుట్టిన పట్టుదలేం కాదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ళ దగ్గర కూడా ఆమెది ఇదే గొడవ. వాళ్ళు పిడి మీద పూలూ తీగలూ ఎంతో అందంగా చెక్కుతారు, వాటిని ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొనుక్కుపోతారు. ఈమె మాత్రం ఏమీ చెక్కని గరిటె కావాలని వాళ్ళ ఎదురుగా కూర్చుని చేయించుకునేది. "చెయ్యి పట్టుకునే కాడ పువ్వు గుచ్చుకుంటాది," అనేది. నాకూ ఒకటి తెచ్చిచ్చింది. నిజం చెప్పాలంటే నాకు పూలదే ఇష్టం.

చావు ఇంటికి పోతే ఆమె ముందు గదిలో మగవాళ్ళ దగ్గర కూర్చునేది కాదు. నేరుగా వంటింట్లోకి పోయేది. "ఆయన మంచోడా అని అడగబాక," అని నాకు చెప్పింది ఒకసారి. "పోయినాక అందరూ మంచోళ్ళే. దేనికి తిట్టేవాడు, అన్నం ఎట్టా తినేవాడు, ఎవురితో మాటల్లేవు, అది అడుగు. అప్పుడు ఆడోళ్ళు నోరు తెరస్తారు." వాళ్ళు నోరు తెరిచాక అక్కడే పీట మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కొట్టేది. ఒక్క పొగడ్త మాట పెట్టేది కాదు. ఎవరైనా పెట్టమంటే, "ఆ మాట ఇంకొకరికి సరిపోతాదా? సరిపోతే ఈయనకు వద్దు," అని కొట్టిపారేసేది.

దానికి ఎవరూ అడ్డుపడలేదని కాదు.

కలువాయి దారిలో సోమశిల డ్యాము నీళ్ళలో మునిగిన ఊళ్ళవాళ్ళ కాలనీ ఒకటి ఉంది. అక్కడ ఒక ముసలాయన పోయాడు. ఆయన భార్యకు టీచరమ్మ బాగా తెలుసు. కబురందగానే పోయి, వంటింట్లో కూర్చుని, పేజీ రాసింది. ఆయన పెద్దకొడుకు గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగి. తెర మీద ఉన్నది చదివి, వద్దన్నాడు. మార్చమన్నాడు. ఆమె మార్చనంది.

మరునాడు పొద్దున్నే ఆ పెద్దకొడుకు నా షాపు ముందు బండి ఆపాడు. జీవితచరిత్ర ఫోన్‌లోనే తయారు చేసుకొచ్చాడు. ఫోటో, పేర్లు, ఊరు ఇస్తే మిగతాది అదే రాసిపెట్టిందట. నా సిస్టమ్‌లో తెరిస్తే అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి. ఫాంటు మారిస్తే పావురం ఎగిరొచ్చి వాళ్ళ నాయన ముఖం మీద కూర్చుంది. పావురాన్ని పక్కకు లాగితే కింద సగం పేజీ ఇంకో పేజీలోకి దూకింది. దాంతో కుస్తీపట్టి ఎలాగో రంగు ప్రింట్లు తీస్తుండగా, బస్సు దిగి టీచరమ్మ వచ్చింది, టవల్లో చుట్టిన ల్యాప్‌టాప్‌తో.

ఆమె ఒక ప్రింటు చేతిలోకి తీసుకుని పైకే చదివింది. "సౌమ్యుడు. మృదుభాషి. ఎల్లప్పుడూ చిరునవ్వుతో అందరినీ పలకరించే ప్రకృతి ప్రేమికుడు." తలెత్తి ఆ కొడుకును చూసింది. "ఎవురు నాయనా ఈయన?"

"టీచరమ్మా, మీకు దండం పెడతాను," అన్నాడతను. "మా ఆఫీసోళ్ళంతా వస్తా ఉండారు. నాయన ఏ ఆఫీసు ముందర గొడవ చేసినాడో, నేను అదే డిపార్టుమెంటులో ఉండాను. ఆ పాత గొడవలు వాళ్ళ ముందర ఎందుకు చదవాల? పోయినాడు. నెమ్మదిగా పోనీండి."

అతను చెడ్డవాడు కాదు. టీచరమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. కానీ మాట మాత్రం వదల్లేదు.

"నెమ్మదిగా పోయే మనిషి అయితే నెమ్మదిగానే పంపిద్దుము నాయనా. ఆయన అట్టా బతకలేదే."

అతను ప్రింట్ల కట్ట తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. ఆమె పేజీ నొక్కగానే తెరుచుకుంది, నొక్కగానే ప్రింటైంది. ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కాలేదు. ఒక్క కాపీ చాలంది. దాన్ని మడిచి రవికలో పెట్టుకుని, "బండి తియ్యి మే, ఇప్పుడు బస్సు లేదు," అంది. షాపు మూసి స్కూటీ తీశాను. నాకూ చూడాలనే ఉంది.

మేం పోయేసరికి శవపెట్టె సమాధి గుంట పక్కన దించి ఉంది. ఆఫీసువాళ్ళు ఒక పక్కగా తెల్లచొక్కాల్లో నిలబడ్డారు. పావురం కాగితాలు అందరి చేతుల్లోనూ ఉన్నాయి. ముసలాయన భార్య పెట్టె దగ్గర నేల మీద కూర్చుని ఉంది. టీచరమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. పోయి ఆ ముసలామె వెనక నిలబడింది. నాకు రెండు భయాలు. ఈమె అక్కడ నోరు తెరిస్తే ఏమవుతుందోనని ఒక భయం, తెరవకపోతే ఎలాగని ఇంకో భయం.

పాస్టరుగారు ప్రార్థన చేసి, జీవితచరిత్ర అందుకున్నాడు. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు అయ్యాయి. "సౌమ్యుడు, మృదుభాషి, ఎల్లప్పుడూ చిరునవ్వుతో..." దగ్గరికి వచ్చాడు.

ముసలామె తలెత్తింది.

"అయ్యగారూ," అని పిలిచింది. "వేరేవాళ్ళ కాగితం వచ్చినట్టుండాది. చూసుకోండి."

పాస్టరుగారు ఆగిపోయాడు. కాగితం తిప్పి ఫోటో చూశాడు. "కాదమ్మా, ఇది మీ ఆయనదే."

"ఫోటో ఆయనదే కావచ్చు. సదివేది ఆయన గురించి కాదు. షాపులో యాడో కలిసిపోయినట్టుండాయి. పాపం, ఆళ్ళకూ కావాల్సొస్తాది, జాగర్తగా పంపించేయండి."

ఆమె వెటకారం ఆడటం లేదు. నిజంగానే ఇంకెవరో పోయినవాళ్ళ కాగితం పొరపాటున తమకొచ్చిందని ఆమె అనుకుంటోంది. పెద్దకొడుకు వంగి, "అమ్మా, ఊరుకో, నాయనదే అది," అన్నాడు.

"మీ నాయన ఎప్పుడురా నవ్వతా పలకరించింది? నన్నే పలకరించలేదే!"

ఎవరూ నవ్వలేదు. ఆ కొడుకు అమ్మ ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత ఆఫీసువాళ్ళ వైపు చూశాడు. ఆ తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, టీచరమ్మ ముందు చెయ్యి చాపాడు. ఆమె రవికలోంచి కాగితం తీసి ఇచ్చింది. అతనే దాన్ని తీసుకుపోయి పాస్టరుగారి చేతిలో పెట్టాడు.

పాస్టరుగారు గొంతు సవరించుకుని చదివాడు.

"ఈయన కోపిష్టి. భార్యతో, బిడ్డలతో, గొడ్లతో, రాని వానతో పోట్లాడాడు. చర్చిలో పాటలు పాడేవాడు కాదు. సంగటి చల్లారితే తినేవాడు కాదు. నీళ్ళలో ఊరు మునిగినప్పుడు వీళ్ళకు ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. చనిపోయినవాళ్ళను పెట్టుకోవడానికి చోటు ఇవ్వలేదు. ఎన్నిసార్లు తిరిగినా రేపు రమ్మన్నారు. అప్పుడు ఈయన అన్న చనిపోయాడు. ఈయన ఆ అన్న శవపెట్టెను ఎద్దులబండి మీద తీసుకుపోయి ఆఫీసు వాకిట్లో దించాడు. చోటు చూపిస్తే పూడుస్తాం, లేకపోతే ఇక్కడే ఉంటామని పెట్టె పక్కన కూర్చున్నాడు. బతిమాలారు, బెదిరించారు, రెక్క పట్టి లాగారు. లేవలేదు. సాయంత్రానికి ఒక నేల చూపించారు. ఇప్పుడు మనం నిలబడి ఉన్నది ఆ నేల మీదే. ఇక్కడ పడుకున్న వాళ్ళందరికీ ఈయన కోపమే చోటు సంపాదించింది. ఈ రోజు ఈయనకు కూడా."

కాగితం అయిపోయింది. తెల్లచొక్కాల్లో ఒకాయన కాళ్ళ కింద నేలను చూసి, చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. ముసలామె కొంగు తల మీదికి లాక్కుని, పెట్టె మూత మీద చెయ్యి ఆనించింది.

"ఆఁ, ఈయనే," అంది. "ఇప్పుడు మన్నెయ్యండి."